అమానతు ఒక్క డిస్కులోనే ఉంటే

గత షాబాన్ మాసంలో ఒక రాత్రి ఇషా నమాజు అనంతరం నాగర్‌కర్నూల్‌లోని మా మద్రసా కార్యాలయంలో వార్షిక జల్సా ఏర్పాట్లు చూసుకుంటున్నాము. హిఫ్జ్ పూర్తి చేసిన పిల్లల జాబితా అవసరమై, బీరువాలోని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కును తీసి కంప్యూటర్‌కు తగిలించాము. ఎప్పుడూ చప్పుడు లేకుండా తిరిగే ఆ డిస్కు ఆనాడు గోడ గడియారంలా ‘టిక్ టిక్’మని మోగసాగింది. తెర మీద ఫోల్డర్ల పేర్లు కనిపించడానికే చాలాసేపు పట్టింది. ఒక ఫైలును తెరవబోతే కంప్యూటర్ స్తంభించిపోయింది.

అరచేతిలో ఇమిడే ఆ నల్లని పెట్టెలో ఏమేమి ఉన్నాయో ఆ క్షణాన ఒక్కొక్కటిగా మాకు గుర్తుకు రాసాగాయి. పద్నాలుగేళ్ల ప్రవేశ రిజిస్టర్లు, జకాతు, సదఖా పద్దులు, పిల్లల తల్లిదండ్రులు నమ్మి ఇచ్చిన పత్రాల నకళ్లు అందులోనే ఉన్నాయి. చెదలు పట్టిన పాత రిజిస్టర్లను స్కాన్ చేయించి, ఇక కాగితాలతో పనిలేదని వాటిని మేమే వదిలించుకున్నాము. అన్నిటికన్నా విలువైనది మరొకటి ఉంది. 2021లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్న మా వృద్ధ ఖారీ సాహెబ్ తన చివరి రెండు సంవత్సరాలలో పిల్లల కోసం ముప్పై పారాలనూ తజ్వీదు వివరణతో సహా రికార్డు చేయించారు. ఆ స్వరం మరెక్కడా లేదు. కనీసం ఆ రాత్రి మేము అలాగే అనుకున్నాము.

ఆ తర్వాత జరిగినది చెప్పుకోవడానికి మాకు సంతోషంగా లేదు. అయినా ప్రతి ఇంటి బీరువాలోనూ ఇటువంటి డిస్కు ఒకటి ఉంటున్న ఈ రోజులలో, మా పొరపాట్లు పాఠకులకైనా ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

మేము చేసిన నాలుగు పొరపాట్లు

మొదటి పొరపాటు: డిస్కును పదేపదే పీకి మళ్లీ తగిలించాము. ప్రతిసారీ కొంతసేపు పనిచేసినట్లు కనిపించేసరికి ఆశ పెరిగింది. అలా తగిలించిన ప్రతిసారీ డిస్కు లోపలి నష్టం ఎక్కువవుతుందని మాకు అప్పటికి తెలియదు.

రెండవది: మాలో ఒకరు దానిని అరచేతితో రెండుసార్లు తట్టారు. పాత రేడియోకు పనికివచ్చిన వైద్యం హార్డ్ డిస్కుకు విషంతో సమానం.

మూడవది: డిస్కులో లోపం ఉన్నదని, సరిచేయమంటారా అని కంప్యూటర్ అడిగితే సరేనన్నాము. ఆ మరమ్మతు కార్యక్రమం డిస్కు మీద కొత్తగా రాతలు రాస్తుంది. చెడిపోతున్న డిస్కు మీద రాయడమంటే, చిరుగుతున్న కాగితం మీద గట్టిగా కలం ఒత్తడమే.

నాలుగవది అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. కాసేపటికి డిస్కు తెరుచుకోగానే మొత్తం ఫోల్డర్లను ఎంపిక చేసి, కంప్యూటర్‌లోకి కాపీ అయ్యేలా పెట్టి నిద్రకు ఉపక్రమించాము. అందులో ముందున్నవి జల్సాల వీడియోలు. ఒక్కొక్కటి బండరాయంత బరువైన ఫైలు. ఫజ్ర్ వేళకు లేచి చూస్తే వీడియోలు సగం దాకా వచ్చి కాపీ ఆగిపోయి ఉంది. ఖారీ సాహెబ్ రికార్డింగుల వంతు రానేలేదు. డిస్కు ఇక తెరుచుకోలేదు. వీడియోలలో చాలావాటి ప్రతులు ఊరిలో పదిమంది ఫోన్లలో ఉన్నాయి. పోయినా దొరికేవాటిని కాపాడే ప్రయత్నంలో, పోతే దొరకని వాటికి గల వ్యవధిని ఖర్చు చేసుకున్నాము.

ఉదయం పట్టణంలోని ఒక కంప్యూటర్ దుకాణానికి తీసుకువెళ్లగా, అక్కడి యువకుడు డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విని వెంటనే తీగ పీకేశాడు. “మౌలానా సాబ్, దీన్ని ఇగ ముట్టకుండ్రి. తగిలించిన కొద్దీ లోపల గీకుతది. నాతోని అయ్యే పని కాదు” అన్నాడు. తనకు చేతకాని పనిని చేతకాదని చెప్పి, రుసుము కూడా తీసుకోని ఆ యువకునికి మేము రుణపడి ఉన్నాము.

ఆ పెట్టెలో జరిగేదేమిటి?

హార్డ్ డిస్కు వయసు చిన్నదేమీ కాదు. ఐబీఎం సంస్థ 1956లో తొలి డిస్కు యంత్రాన్ని వెలువరించింది. సుమారు ఒక టన్ను బరువున్న ఆ యంత్రంలో 50 పళ్లేలు ఉండేవి. అన్నిటా కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. నేడు మన అరచేతిలోని ఒక టెరాబైట్ డిస్కులో దానికి రెండు లక్షల రెట్లు పడుతుంది. కాని మూలసూత్రం మారలేదు.

లోపల అద్దంలా నునుపైన పళ్లెం ఒకటో రెండో ఉంటాయి. సాధారణమైన ఎక్స్‌టర్నల్ డిస్కులో అవి నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతాయి. వాటిపై అయస్కాంత రూపంలో ఉన్న రాతను చదివే సూక్ష్మమైన ‘హెడ్’ ఒకటి పళ్లేన్ని తాకకుండా దానిపై తేలుతూ ఉంటుంది. హెడ్‌కు, పళ్లేనికి మధ్యనున్న ఎడం తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. డిస్కు తిరుగుతుండగా బల్ల కదిలినా, పెట్టె చేయిజారినా హెడ్ వెళ్లి పళ్లేన్ని గీకవచ్చు. గీకిన చోట ఉన్న రాత తిరిగి రాదు. అక్కడ రాలిన ధూళి మిగిలిన భాగాలనూ పాడుచేస్తుంది. ‘టిక్ టిక్’ అనే చప్పుడు తరచుగా హెడ్ తన స్థానాన్ని కనుగొనలేక మళ్లీమళ్లీ వెనక్కు వచ్చి ప్రయత్నించడం వలన పుడుతుంది.

మన ప్రాంతపు వేసవి కూడా దీనికి శత్రువే. అనేక ఎక్స్‌టర్నల్ డిస్కుల సూచనపత్రాలలో గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించరాదని ఉంటుంది. నల్లమల అంచున ఉన్న మా జిల్లాలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. దానికితోడు కాపీ జరుగుతుండగా కరెంటు పోవడం, పరుపు మీదనో దిండు మీదనో పెట్టి డిస్కును వాడడం వంటివి దాని ఆయుష్షును తగ్గిస్తాయి.

హెచ్చరికలను గుర్తించండి

చాలా డిస్కులు చెడిపోయే ముందు ఏదో ఒక సంకేతం ఇస్తాయి. నిన్న నిమిషంలో కాపీ అయిన ఫైలుకు నేడు అరగంట పట్టడం, డిస్కు దానంతట అదే మాయమై మళ్లీ కనిపించడం, ఫైళ్ల పేర్లు పిచ్చి అక్షరాలుగా మారడం, కొన్ని ఫోటోలు సగమే తెరుచుకోవడం, తగిలించగానే ‘ఫార్మాట్ చేయాలా’ అని కంప్యూటర్ అడగడం, గీకుడు లేదా టిక్కు టిక్కు చప్పుడు వంటివి అందులో ముఖ్యమైనవి.

ఇవన్నీ డిస్కు మరణానికే గుర్తులు కానక్కరలేదు. చప్పుడేమీ లేకుండా కేవలం మాయమవుతూ ఉంటే కేబులో, కంప్యూటర్ పోర్టో కారణం కావచ్చు. మరొక కేబులుతో, మరొక పోర్టులో ఒక్కసారి చూడవచ్చు. బల్ల కింది కంప్యూటర్ అయితే వెనుక వైపు పోర్టు మేలు. కాని గీకుడు చప్పుడు వినిపిస్తే ఈ పరీక్షలకు కూడా పూనుకోరాదు.

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే ‘స్మార్ట్’ అనే ఏర్పాటు కూడా ఉన్నది. విండోస్ కంప్యూటర్‌లో ‘క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ నమోదును చదివి చూపుతుంది. నీలి రంగు ఉంటే క్షేమం, పసుపు ఉంటే జాగ్రత్త, ఎరుపు ఉంటే ప్రమాదం. చెడిపోయిన భాగాలకు బదులుగా వాడిన భాగాల సంఖ్య, చదవడానికి లొంగక నిలిచిపోయిన భాగాల సంఖ్య పెరుగుతూ ఉంటే డిస్కు మార్చే సమయం వచ్చినట్లే. అయితే నీలి రంగు కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. ముందస్తు సంకేతమేదీ లేకుండా ఆగిపోయే డిస్కులూ ఉన్నాయి. పెన్‌డ్రైవులు, ఎస్‌ఎస్‌డీలు చప్పుడు కూడా చేయకుండానే ఆగిపోగలవు.

సంకేతం కనిపించిన గడియలో ఏం చేయాలి?

డిస్కు ఇంకా తెరుచుకుంటూ ఉండి, గీకుడు చప్పుడు లేకపోతే ఈ వరుసను పాటించండి.

ఒకటి, డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకండి. ఫార్మాట్‌కు గాని, మరమ్మతుకు గాని అంగీకరించకండి. వైరస్ స్కాన్ వంటి మొత్తం డిస్కును తిరగేసే పనులను ఆపండి.

రెండు, తగిలించక ముందే కాగితం తీసుకుని జాబితా రాయండి. ప్రపంచంలో మరెక్కడా ప్రతి లేనివి ఏవి? అవి ముందు. మరొక చోట దొరికేవి, తిరిగి తయారు చేసుకోగలిగేవి తర్వాత. సినిమాల వంటివి, డౌన్‌లోడ్ చేసుకున్నవి చిట్టచివర. పత్రాలు, పద్దులు, ఫోటోల వంటి చిన్న ఫైళ్లు కొద్ది నిమిషాలలో బయటపడగలవు. మేము ఈ ఒక్క పని చేసి ఉంటే ఈ వ్యాసం మరో విధంగా ఉండేది.

మూడు, కాపీ చేయవలసిన మరొక ఆరోగ్యకరమైన డిస్కును ముందే సిద్ధం చేసుకోండి. అందులో తగినంత ఖాళీ ఉన్నదో లేదో చూసుకోండి. రక్షించిన ఫైళ్లను అదే చెడిన డిస్కులో దాచే పొరపాటు చేసేవారూ ఉన్నారు.

నాలుగు, డిస్కును గట్టి సమతల బల్ల మీద, ఫ్యాను గాలి తగిలేటట్లు ఉంచి, కరెంటు పోయినా ఆగని ల్యాప్‌టాప్‌తో పని చేయండి. కదపకండి. ఒక్కొక్క ఫోల్డరునే కాపీ చేయండి. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దానితో పోరాడక, వదిలి తర్వాతి దానికి వెళ్లండి.

ఐదు, కాపీ అయినవాటిలో కొన్నింటిని తెరిచి చూడండి. పేరు వచ్చినంత మాత్రాన ఫైలు వచ్చినట్లు కాదు.

కొంచెం పరిజ్ఞానం ఉన్నవారికి లినక్స్‌లో ‘డీడీరెస్క్యూ’ అనే ఉచిత సాధనం ఉన్నది. అది మొదట బాగున్న భాగాలన్నిటినీ చకచకా కాపీ చేసుకుని, మొండికేసిన భాగాలను వదిలేసి, చివరకు తిరిగి వచ్చి వాటిని ప్రయత్నిస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక పట్టికలో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపి మర్నాడు కొనసాగించవచ్చు. ఆ తర్వాత వెతుకులాట అంతా కాపీ మీదే జరుగుతుంది. మూల డిస్కును మళ్లీ కష్టపెట్టనక్కరలేదు. అయితే ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారు చేసి రాస్తే ఉన్నది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. తెలియనివారు దీనిని స్వయంగా ప్రయత్నించరాదు.

డిస్కు తెరుచుకోనప్పుడు

గీకుడు చప్పుడు వస్తున్నా, కింద పడినా, నీట మునిగినా కరెంటు ఇవ్వకుండా పక్కన పెట్టడమే ఉత్తమం. పెట్టె మూత విప్పరాదు. గదిలోని ధూళి కణం ఒక్కటి చాలు, మిగిలినది పోవడానికి. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందన్న మాట కూడా నమ్మకండి. చల్లబడి బయటకు తీసినప్పుడు లోపల చేరే తేమ కొత్త నష్టాన్ని తెస్తుంది. ధూళి లేని గదులలో డిస్కు విప్పి పనిచేసే ప్రయోగశాలలు పెద్ద నగరాలలో ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, ఫలితం నిశ్చయం కాదు. పరీక్షకు ఎంత, ఫైళ్లు రాకపోతే ఎంత అన్నది ముందుగానే రాతపూర్వకంగా తీసుకోండి. నూటికి నూరు పాళ్లు తెచ్చిస్తామనేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

గృహిణులు, తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఇంటి డిస్కులో ఆడపిల్లల ఫోటోలు, శుభకార్యాల వీడియోలు, ఆధార్ ప్రతులు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. మరమ్మతుకు ఇవ్వడమంటే వాటన్నిటినీ పరాయి చేతికి ఇవ్వడమే. నమ్మకస్తులకే ఇవ్వండి. వీలైతే దగ్గరుండి చేయించండి. రక్షించిన ప్రతులను తమ దగ్గర ఉంచుకోకుండా తుడిచివేయమని మాట తీసుకోండి. పాడైన డిస్కును చెత్తబుట్టలో వేయరాదు, పాత సామానువానికి అమ్మరాదు. మనకు తెరుచుకోని డిస్కు మరొకరికి తెరుచుకోవచ్చు.

ఒక్క చోట ఉన్నది పోయేదే

ఇది కంప్యూటర్లతో వచ్చిన సమస్య కాదు. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచెత్తిన వర్షాలకు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి వరద నీరు చేరింది. అబ్దుస్సమద్ ఖాన్ అనే పుస్తకప్రియుడు జీవితకాలమంతా సేకరించిన అరుదైన ఉర్దూ గ్రంథాలు, పత్రికలు అప్పటికి ఆ భవనంలోనే ఉన్నాయి. తెలుగు గ్రంథాలతో పాటు అవి కూడా తడిసిపోయాయి. పుస్తకాలను ఆరబెట్టి బాగుచేయడానికి ఎందరో శ్రమించవలసి వచ్చింది. ఆ ఉర్దూ సేకరణను మైక్రోఫిల్ముగా తీసే కృషిలో చికాగో విశ్వవిద్యాలయం పాలుపంచుకున్నది. ఒక మనిషి చేతుల మీదుగా పోగైన సంపదకు మరొక రూపంలో, మరొక చోట ప్రతి ఏర్పడడం ఎంతటి మేలో ఆ వరద చెప్పింది.

హిఫ్జ్ పాఠం చెప్పే మాకు ఈ సూత్రం ముందే తెలిసి ఉండవలసింది. యమామా యుద్ధంలో ఎందరో హాఫిజులు అమరులైనప్పుడు, హజ్రత్ ఉమర్ (రజి) సలహా మేరకు హజ్రత్ అబూబక్ర్ (రజి) దివ్య ఖుర్ఆన్‌ను ఒక్కచోట గ్రంథస్థం చేసే బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. హృదయాలలో ఉన్నది కదా అని ఊరుకోలేదు. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు రాయించి ప్రధాన నగరాలకు పంపించారు. ఆ పవిత్ర గ్రంథంతో మన ఫైళ్లను పోల్చడం మా ఉద్దేశం కాదు. కాపాడదలచుకున్న దానిని ఒకే చోట, ఒకే రూపంలో ఉంచరాదన్న వివేకం మన చరిత్రలో ఎంత పాతదో గుర్తు చేయడమే మా ఉద్దేశం.

నేటి కంప్యూటర్ నిపుణులు దీనినే ‘మూడు, రెండు, ఒకటి’ అనే సూత్రంగా చెబుతారు. ముఖ్యమైన ప్రతి దానికీ మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. ఒక సాధారణ కుటుంబానికి ఇది భారమేమీ కాదు. కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, మరో ఊరిలోని అన్నదమ్ముల ఇంటనో, ఆన్‌లైన్‌లోనో ఒకటి. గూగుల్ ఖాతాతో 15 జీబీ వరకు ఉచితంగా దాచుకోవచ్చు. కుటుంబ పత్రాలకు అది సరిపోతుంది.

ఇక్కడ రెండు భ్రమలను తొలగించుకోవాలి. కంప్యూటర్‌లో స్థలం చాలక ఫోటోలను డిస్కులోకి మార్చి, కంప్యూటర్‌లో తుడిచివేస్తే అది రెండవ ప్రతి కాదు. ఉన్న ఒక్క ప్రతి ఇల్లు మారింది, అంతే. అలాగే ఫోను, ఆన్‌లైన్ ఖాతా ఒకదానితో ఒకటి అనుసంధానమై ఉంటే, ఫోనులో పొరపాటున తుడిచినది అక్కడ కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. తగిలించి ఉంచని ప్రతి ఒకటి విడిగా ఉండి తీరాలి. నెలకొకసారి, గుర్తుండేటట్లు ఒక తేదీ పెట్టుకుని, ప్రతులను నవీకరించండి. తెరిచి చూడండి. పాస్‌వర్డు ఎక్కడున్నదో ఇంట్లో మరొకరికి తెలియజేయండి. మన తర్వాత మన అప్పుల పద్దు మన వారసులకు తెరుచుకోకపోతే, ఆ అప్పులు ఎలా తీరుతాయి?

మిగిలినది

మా డిస్కును హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థి తీసుకువెళ్లాడు. మూడు రోజుల పాటు డీడీరెస్క్యూతో ఓపికగా పనిచేశాడు. నాలుగవ రోజు ఫోను చేసి, “హజ్రత్, రిజిస్టర్లు దాదాపు అన్నీ వచ్చాయి. ఖారీ సాహెబ్ పారాలు పంతొమ్మిది వచ్చాయి. మిగతావి ఉన్న చోట పళ్లెం గీసుకుపోయింది. క్షమించండి” అన్నాడు. క్షమాపణ చెప్పవలసినవారం మేము. ఆ మాట అతనితో అన్నాము.

ఈ సంగతి పూర్వ విద్యార్థులకు తెలిసింది. జిద్దాలో డ్రైవరుగా పనిచేస్తున్న ఒక అబ్బాయి తన పాత ఫోనులోంచి నాలుగు పారాలను పంపించాడు. బండి నడుపుతూ వినడానికి ఎన్నడో కాపీ చేసుకున్నాడట. మద్రసాలోని రికార్డింగులను ఫోన్లలోకి ఎక్కించుకోవద్దని ఆ రోజులలో పిల్లలను మందలించినది మేమే. ఆ మందలింపును అతడు లెక్కచేయకపోవడం వలననే ఆ నాలుగు మిగిలాయి.

ఏడు పారాలు పోయాయి. ఆ ఏడింటిలో ఖారీ సాహెబ్ ఎక్కడ ఊపిరి ఆపి ఏమి వివరించారో మాకు కొంత జ్ఞాపకం ఉన్నది, కొంత లేదు. పిల్లలకు జ్ఞాపకమున్నంత వరకు మేమే చెబుతున్నాము. ఇప్పుడు ఆ ఇరవై మూడు పారాలు మద్రసాలో, హైదరాబాదులో, జిద్దాలో, ఆన్‌లైన్‌లో ఉన్నాయి. అడిగిన ప్రతి విద్యార్థికీ ఇస్తున్నాము.

డిస్కు ఖరీదు కొన్ని వేలు. దానిని మళ్లీ కొనుక్కోవచ్చు. అందులో పెట్టినవి మనవి కావచ్చు, ఇతరులవి కావచ్చు. తల్లిదండ్రుల పత్రాలు, దాతల లెక్కలు, గతించిన ఉస్తాదు స్వరం మా సొత్తు కావు, మా వద్ద ఉంచిన అమానతులు. ఇతరుల సొమ్మును తాళం లేని గదిలో పెట్టడానికి మనలో ఎవరమూ సాహసించము. అదే సొమ్మును ఒక్క డిస్కులో పెట్టి ఏళ్లకేళ్లు నిశ్చింతగా నిద్రపోయాము. పాఠక సోదర సోదరీమణులు ఈ పుట మూసిన వెంటనే తమ బీరువాలోని డిస్కును తీసి, అందులో రెండవ ప్రతి లేనివి ఏవో చూసుకోవాలని మా మనవి. టిక్కుటిక్కు వినిపించేదాకా ఆగకండి.